ఉండేవాళ్లూ పోయేవాళ్లూ

2016 ఏప్రిల్ 14, గురువారం

తలుపు సందులోంచి ప్రభుత్వం వారి చిన్న పుస్తకం వచ్చి పడింది. బ్రిటన్ యూరప్‌లోనే ఎందుకు ఉండాలో చెబుతుందట. దీనికంతటికీ 93 లక్షల పౌండ్లు. మా మందుల షాపులో పొద్దుట్నుంచీ అదే గోల. లోపల ఏముందో చదివినవాళ్లు ఒక్కరూ కనపడలేదు. ఖర్చు మాత్రం అందరికీ నోటికొచ్చేసింది.

ఈయన దాన్ని నాలుగు మడతలు పెట్టి డైనింగ్ టేబుల్ కాలి కింద దోపారు. ఊగడం ఆగింది.

2016 మే 21, శనివారం

ఉండాలా పోవాలా అని జూన్‌లో వేసే ఓటుకి కార్డులొచ్చాయి, ఇద్దరికీ. చేతిలో ఉన్నది ఇండియా పాస్‌పోర్టు. అయినా ఓటుంది. కామన్వెల్త్ పుణ్యమట. తాతల కాలం నాటి బాకీ ఏదో ఇలా తీరుస్తున్నారు కాబోలు.

షాపులో నాతో పనిచేసే పోలండ్ పిల్లకి లేదు. 2005లో వచ్చింది. కొడుకు ఇక్కడే పుట్టాడు, స్టోక్ యాసలోనే తిడతాడు. రేపు పోవాల్సొస్తే పోయేది తను. ఏం చెయ్యమంటావని అడిగేది నన్ను. కార్డు చూపించమంది. అటూ ఇటూ తిప్పి చూసి, "జాగ్రత్తగా దాచుకో" అని తిరిగిచ్చేసింది. వేళాకోళమా? మొహం చూస్తే తెలియలేదు. వారం మందుల ట్రేలు మళ్లీ నింపుకుంటూ కూర్చుంది.

2016 జూన్ 4, శనివారం

నిపుణుల మాటలు వినీ వినీ జనం విసిగిపోయారని పోదామనే మంత్రి మైకేల్ గోవ్ టీవీలో అన్నాడు. ఇవాళ ఒకావిడకి వార్ఫరిన్ మోతాదు చెబుతుంటే, "నువ్వూ నిపుణురాలివేగా డక్" అని ఈ ఊరి పిలుపుతో నవ్వింది. నేనూ నవ్వాను. ఒక్కపూటే వేసుకోండి, రెండు పూటలా కాదు, అని మళ్లీ చెప్పాను. సరేనంది. ఏం చేస్తుందో.

పోదామనేవాళ్లు ఆ ఎర్ర బస్సు మీద వారానికి 35 కోట్ల పౌండ్లని రాసుకుని తిరుగుతున్నారు. యూరప్‌కి పంపే డబ్బట, ఆసుపత్రులకిద్దామట. మా మందుల షాపులకిచ్చే దాంట్లో 17 కోట్లు కోస్తామని మొన్న డిసెంబరులో ఉత్తరం రాసింది యూరప్ కాదు, లండనే. ఈ మాట కౌంటర్ మీద అనకూడదు. ఇక్కడ రాసుకోవచ్చు.

2016 జూన్ 11, శనివారం

యూరప్ అంటే మీకు పదికి ఎంత ఇష్టమని రాత్రి టీవీలో లేబర్ నాయకుడు కార్బిన్‌ని అడిగారు. ఏడు, మహా అయితే ఏడున్నర అన్నాడు. "ఫస్ట్ క్లాసే గదా" అని ఈయన పకపకా నవ్వారు. నవ్వు ఆగాక, "నేను పోదామనే ఏస్త" అన్నారు.

గ్లాసులు కడుగుతున్నాను. వెనక్కి తిరగలేదు.

బావగారబ్బాయి సంగతి ఈయన మనసులోంచి పోలేదు. వాడు ఇక్కడే ఎమ్మెస్సీ చేశాడు. చదువయ్యాక రెండేళ్లు ఉండనిచ్చే వీసాని 2012లో ఎత్తేశారు. ఎక్కని మెట్టు లేదు, ఉద్యోగం దొరకలేదు. పెట్టె సర్దుకుని హైదరాబాద్ పోయాడు. "మనోడు అంత ఫీజు కట్టి సదివితె పొమ్మన్నరు. వాళ్లేమో బస్సు టికెట్ కొనుక్కొని దిగితె సాలు." యూరప్ తలుపు మూస్తే మనవాళ్లకి తలుపు తీస్తారని మంత్రి ప్రీతి పటేల్ చెబుతోందిగా, వంటవాళ్లు కూడా రావచ్చని. ఆ తలుపు మూస్తే ఈ తలుపు తీస్తామని ఎవరు రాసిచ్చారు?

అడగలేదు. వాడి కష్టం అబద్ధం కాదు కదా.

2016 జూన్ 16, గురువారం

బర్స్టల్‌లో ఎంపీని చంపేశారు. జో కాక్స్. లైబ్రరీ బయట, పట్టపగలు. 41 ఏళ్లు. ఇద్దరు పసిపిల్లలు.

పొద్దున్నే చూశాం, వలస వస్తున్నవాళ్ల బారు ఫొటో పెట్టి పోదామనే ఫరాజ్ విడుదల చేసిన పోస్టరు. మధ్యాహ్నం ఇది. రాత్రి ఇంట్లో టీవీ పెట్టలేదు.

2016 జూన్ 23, గురువారం

ఓటేసి షాపుకెళ్లాను. ప్లైవుడ్ అర, దారంతో కట్టిన పెన్సిలు. నా ముందున్నావిడ సొంత పెన్ను తెచ్చుకుంది. పెన్సిలుతో వేస్తే రాత్రికి చెరిపేస్తారట. నాకూ ఇచ్చింది, "తీసుకో డక్, నమ్మడానికి లేదు ఎవర్నీ." ఆవిడ ఎటు వేసిందో చూస్తే తెలుస్తూనే ఉంది. నేనెటు వేస్తానో ఆవిడకి తెలిసే ఇచ్చిందా? ఆ పెన్నుతోనే వేశాను.

ఈయన మాంచెస్టర్ నుంచి ఆరున్నర రైలుకి వచ్చి అటు నుంచి అటే వెళ్లి వేసొచ్చారు. నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. బెండకాయ వేపుడు బాగుందన్నారు.

2016 జూన్ 24, శుక్రవారం

51.9, 48.1. మా స్టోక్‌లో పోదామన్నవాళ్లు 69.4 శాతం. అంటే కౌంటర్‌కి వచ్చే ప్రతి పదిమందిలో ఏడుగురు. ఇన్నాళ్లూ ఆ ఏడుగురికే మందులిస్తున్నాను. ఇవాళ మాత్రం మొహాలు వెతుక్కుంటున్నాను, ఎందుకు?

పౌండు 1985 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి. ప్రధాని కామెరాన్ రాజీనామా. ఇప్పుడు ఏం చెయ్యాలన్నదానికి జవాబు ఎవరి దగ్గరా ఉన్నట్టు లేదు. గెలిచినవాళ్ల మొహాల్లోనే ఎక్కువ భయం.

తెనాలి నుంచి అమ్మ ఫోను. "అక్కడా విడగొట్టారటగా?" స్పీకర్‌లో ఉంది. ఈయన విన్నారు. ఫోను పెట్టేశాక మొదలు. "దానికి దీనికి లంకె పెట్టకుండ్రి. మమ్ముల 1956ల అడగకుండనే కలిపిండ్రు. వీళ్లను 1975ల అడిగిండ్రు, ఉంటమన్నరు. ఇప్పుడు వద్దంటున్నరు. గంతే." అమ్మ అన్నదానికి నన్నెందుకు? పెళ్లయిన కొత్తలో ఒప్పుకున్నాం, తెలంగాణ సంగతి భోజనాల దగ్గర వద్దని. 2014లో కూడా మాట నిలబెట్టుకున్నాం. ఎవరి దేశమో విడిపోతే ఇవాళ మాట తప్పాం.

2016 జూన్ 27, సోమవారం

హంటింగ్డన్‌లో పోలిష్ వాళ్ల ఇళ్ల ముందు కార్డులు పడేశారట, పురుగులు అని రాసి. మా పోలండ్ పిల్ల ఆ ఫొటో ఫోనులో చూపించింది. ఒక్క మాట అనలేదు.

పదకొండింటికి రోజూ వచ్చే పెద్దావిడ. నా చెయ్యి పట్టుకుని, "నిన్ను కాదమ్మా మేమన్నది. నువ్వు మాదానివి. ఆ మిగతావాళ్ల సంగతి" అంది. ఆ మిగతావాళ్లు నా వెనక అరలో ఆవిడ బీపీ మాత్రలే వెతుకుతున్నారు.

ఆ మాటకి నాకు సంతోషం వేసిందా? ఒక్క క్షణం వేసింది. దాని తర్వాతి క్షణం గురించి రాయను.

2016 జులై 11, సోమవారం

కామెరాన్ మైకు ముందు మాట్లాడి, ఇంట్లోకి వెళ్తూ కూనిరాగం తీశాడు. మైకు ఇంకా పనిచేస్తోంది. తలుపు మూసుకునేదాకా వినపడింది. చెత్త బండి వాడికి డబ్బాలు అప్పగించి లోపలికి పోయే మనిషిలా, ఎంత తేలిగ్గా!

బుధవారం నుంచి థెరిసా మే. 2012లో ఆ వీసా ఎత్తేసిన హోం మంత్రి ఈవిడే. ఈయనకి గుర్తు చెయ్యాలా? ఆయనకే గుర్తుంది. అందుకే వార్తలు వస్తుంటే లేచి బిన్లు బయట పెట్టడానికి వెళ్లారు. బిన్ల రోజు రేపు కాదు, ఎల్లుండి.

2016 నవంబర్ 8, మంగళవారం

మే బెంగళూరులో ఉంది. చీర కట్టుకుని సోమేశ్వరుడి గుడికెళ్లింది. వ్యాపారం కావాలట. వీసాలు మాత్రం ఇప్పుడున్నవే చాలట. ఈయన ఫొటో చూసి "చీర మంచిగున్నది" అని ఊరుకున్నారు.

మధ్యాహ్నం రెండున్నర దాటగానే ఇండియా నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవట. అమ్మ పోపుల డబ్బాలో ఎంత దాచిందో మొదటిసారి నోరు విప్పింది. రాత్రికి అమెరికా లెక్కింపు. ఇక చాలు. పడుకుంటాను.

2017 జనవరి 13, శుక్రవారం

మా ఎంపీ ట్రిస్ట్రమ్ హంట్ రాజీనామా. లండన్‌లో వీ అండ్ ఏ మ్యూజియానికి డైరెక్టరుగా వెళ్తున్నాడు. ఈ ఊరి మంచి పింగాణీ ఏనాడో అక్కడి అద్దాల వెనక్కి చేరింది. ఇప్పుడు ఎంపీ కూడా.

2017 ఫిబ్రవరి 23, గురువారం

ఉప ఎన్నిక. డోరిస్ తుపాను. గొడుగులు తిరగబడుతున్నాయి, బస్టాపుల్లో జనం గోడలకి అతుక్కుపోయారు. యూరప్ వద్దనే యూకిప్ పార్టీ నాయకుడు నటాల్ తనే వచ్చి నిలబడ్డాడు, ఇది తన ఊరన్నట్టు.

ఇన్‌హేలర్ల ముసలాయన గాలికి వగరుస్తూ వచ్చాడు. కుర్చీ వేసి టీ ఇచ్చాను. తాగే ముందు కప్పుని తల మీదికెత్తి అడుగున ముద్ర చూశాడు. ఈ ఊళ్లో అందరికీ అదే అలవాటు. పెళ్లి భోజనాల్లో కూడా పళ్లెం బోర్లించి చూస్తారు. నా కప్పు అడుగున చైనా అని ఉంది. ఏమీ అనలేదు, ఊదుకుని తాగాడు. బర్స్లెంలో ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ 2005లో మూసేశారు. పని ఇండోనేషియా వెళ్లింది. ఊపిరితిత్తుల్లో మట్టి ధూళి మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఇండోనేషియా యూరప్‌లో లేదు కదండీ... నాలుక చివరిదాకా వచ్చింది.

ఓటేశారా అన్నాను. "పోయినేడు చెప్పాను కదా. వినపడలేదా వాళ్లకి?" అని లేచాడు.

మర్నాడు

యూకిప్ ఓడింది. లేబరే. పడ్డ ఓట్లు 38 శాతం. గెలిచినాయన పేరు షాపులో ఇద్దరు అడిగారు, నన్ను.

2017 మార్చి 29, బుధవారం

పోతున్నామని బ్రసెల్స్‌లో ఉత్తరం ఇచ్చేశారు. ఆరు పేజీలట. రెండేళ్లు గడువు. షాపులో ఎవరూ ఎత్తలేదు. పారాసిటమాల్ సస్పెన్షన్ స్టాకు లేదని పెద్ద గొడవ.

2017 జూన్ 9, శుక్రవారం

గట్టి ప్రభుత్వం, స్థిరమైన ప్రభుత్వం అని ఏడువారాలు చెవులు చిల్లులు పడేలా చెప్పి, ఎన్నికల్లో ఉన్న మెజారిటీ పోగొట్టుకుంది థెరిసా మే. 317. ఉత్తర ఐర్లండ్ నుంచి పదిమందిని అరువు తెచ్చుకోవాలి. చిన్నప్పుడు చేసిన తుంటరి పని ఏమిటంటే గోధుమ చేలో పరిగెత్తానంది. రైతులకి కోపం వచ్చిందట. అంతేనా అమ్మా నీ జీవితంలో తుంటరితనం? ఇది చాలనుకున్నావు.

ఈయనా నేనూ ఒకే సోఫాలో కూర్చుని నవ్వాం. ఏడాదిలో మొదటిసారనుకుంటాను, ఈ విషయం మీద.

2018 ఏప్రిల్ 17, మంగళవారం

రాసి ఎన్నాళ్లయింది!

విండ్రష్ వాళ్ల వార్తలు. యాభై అరవై ఏళ్ల కింద కరీబియన్ నుంచి పిల్లలుగా వచ్చినవాళ్లు. కాగితాలు చూపించమన్నారు, లేకపోతే వైద్యం లేదు, ఉద్యోగం లేదు. కొందరిని పంపించేశారు కూడా. ఇవాళ మే క్షమాపణ చెప్పింది. వాళ్లదీ కామన్వెల్తే. నాదీ.

పాస్‌పోర్టులు, వీసా కార్డులు, పాత పే స్లిప్పులు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువా పై అరలో పెట్టాను. ఈయన చూసి ఏమిటని అడగలేదు. తన పీ60 పన్ను కాగితాలు తెచ్చి నా చేతికిచ్చారు.

2018 జులై 9, సోమవారం

నిన్న డేవిస్, ఇవాళ బోరిస్. ఇద్దరూ రాజీనామా. బేరం నడపాల్సిన మంత్రులే బేరం నచ్చలేదని పోయారు. శుక్రవారం అందరూ కలిసే ఒప్పుకున్నారుగా, ఆ చెకర్స్ భవనంలో?

కిటికీలకి ఇంగ్లండ్ జెండాలు. ప్రపంచ కప్ సెమీఫైనల్ ఎల్లుండి. పోలండ్ పిల్ల కొడుకు బుగ్గల మీద ఎర్ర శిలువ రంగేసుకుని షాపుకొచ్చాడు. ముసలాయన వాడి చేతిలో పౌండు బిళ్ల పెట్టాడు.

2019 జనవరి 8, మంగళవారం

ప్రపంచంలో ఫ్రిజ్‌లు నాకన్నా ఎక్కువ కొన్నవాడు లేడని ఆరోగ్య మంత్రి చెప్పుకుంటున్నాడు. ఒప్పందం లేకుండా పోవాల్సొస్తే మందులు దాచడానికట. కంపెనీలు ఆరు వారాల నిల్వ పెట్టుకోవాలి. జనం మాత్రం నిల్వ పెట్టుకోకూడదు. ఈ రెండో ముక్క జనానికి చెప్పేది నేను.

ఇన్సులిన్ వేసుకునే ఒకమ్మాయి, ఇరవై కూడా ఉండవు. రెండు నెలలది ఎక్కువివ్వండి అని కౌంటర్ మీదకి వంగి గుసగుసగా అడిగింది, దొంగసొత్తు అడుగుతున్నట్టు. కుదరదన్నాను. ప్రిస్క్రిప్షన్ ఎంతుంటే అంతే. సరే అని అక్కడే నిలబడింది. వెనక క్యూ. ఇన్సులిన్ బయట నుంచే రావాలి, నాకూ తెలుసు. డోవర్‌లో లారీలు ఆగితే ఏం చేస్తావని అడిగితే నా దగ్గర కాగితం ఉంది, పై నుంచి వచ్చింది. 'ఆందోళన అవసరం లేదు' అని.

ప్రధానమంత్రే ఇన్సులిన్ వేసుకునే మనిషి. చేతి మీద ఆ తెల్ల బిళ్ల ఫొటోల్లో కనపడుతుంది. ఆవిడ ఫ్రిజ్‌లో ఎన్ని పెట్టెలున్నాయో.

2019 జనవరి 16, బుధవారం

నిన్న పార్లమెంటులో థెరిసా మే ఒప్పందాన్ని 432 మంది వద్దన్నారు, 202 మంది సరే అన్నారు. 230 తేడా. ఇంత చావుదెబ్బ ఈ కాలంలో ఏ ప్రభుత్వమూ తినలేదట. ఇవాళ అదే సభ మళ్లీ ఓటేసి, నీ మీద నమ్మకం ఉంది పో, అంది.

షాపులో కెటిల్ పక్కన ఎవరో కాగితం అంటించారు: ఇక్కడ బ్రెగ్జిట్ మాట ఎత్తితే డబ్బాలో యాభై పెన్నీలు. మధ్యాహ్నానికి నాలుగు పౌండ్లు. పోలండ్ పిల్ల ముందుగానే పౌండు వేసి, రెండు మాటలు అనేసి వెళ్లింది. పోలిష్‌లో. ఒక్కరికీ అర్థం కాలేదు. గుండె చల్లబడ్డట్టు మొహం.

2019 మార్చి 28, గురువారం

రాత్రి పదింటిదాకా ఇద్దరం పార్లమెంటు చానల్. సీరియల్ అయిపోయింది మాకు. ఎనిమిది దారులు పెట్టారు, ఏదో ఒకటి ఎంచుకోండని. ఎనిమిదీ ఓడిపోయాయి. ఉండటం వద్దు, పోవడం వద్దు, సగం పోవడం వద్దు, మళ్లీ అడగడం వద్దు. ఈయన స్పీకర్ బెర్కోలాగా గొంతు చించుకుని "ఆర్డర్" అంటే పాప మేడ మీద నుంచి "నాన్నా, రేపు నాకు పరీక్ష" అని అరిచింది.

2014 ఫిబ్రవరిలో లోక్‌సభ తలుపులేశారు, టీవీ ప్రసారం ఆగిపోయింది, బయటికొచ్చేసరికి రాష్ట్రం రెండు. అక్కడ టీవీ ఆపి తేల్చేశారు. ఇక్కడ టీవీ పెట్టుకుని తేల్చలేకపోతున్నారు. ఈ మాట పైకే అన్నాను, ధైర్యం చేసి. ఈయన ఒక నిమిషం చూసి, "గది నిజమే" అన్నారు.

ఏది నిజం? మొదటిదా, రెండోదా? పొడిగించలేదు.

2019 మార్చి 29, శుక్రవారం

ఇవాళ పోవాల్సిన రోజు. పోలేదు. మే ఒప్పందం మూడోసారీ ఓడింది, 344, 286.

2019 ఏప్రిల్ 6, శనివారం

పోలండ్ పిల్ల మా ఇంటికొచ్చింది, పాస్‌పోర్టు పట్టుకుని. ఇక్కడే ఉండటానికి దరఖాస్తు ఫోనులో చేసుకోవాలి. ఆ యాప్ ఐఫోన్లో పనిచేయదు. తనది ఐఫోన్. నాదీ అంతే. ఈ ఇంట్లో ఆండ్రాయిడ్ ఒక్కటే, ఈయనది.

అడగ్గానే ఇచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు, పక్కనే కూర్చున్నారు. పాస్‌పోర్టు మీద ఫోను పెట్టాలి, లోపలి చిప్ చదవాలి. చదవదు. కొంచెం పైకి, కొంచెం కిందకి. ఫోను కవర్ తీశారు. టేబుల్ లోహపు అంచు మీద కాదు, పుస్తకం మీద పెట్టి చూద్దామన్నారు. పాప లెక్కల పుస్తకం తెచ్చారు. "కదలకు, కదలకు... ఆ!" చదివేసింది. తర్వాత మొహం. గుండ్రం గీత మధ్య మొహం పెడితే తెర మీద రంగులు మారుతూ వెలుగుతాయి. ఎరుపు, నీలం, పచ్చ. ఆ పిల్ల బిగుసుకుని కూర్చుంది. ఒక్కో రంగూ మొహం మీద పడి పోతోంది. పద్నాలుగేళ్ల పన్నులు ఆ ఫోనుకి ముందే తెలుసు, ఇన్సూరెన్స్ నంబరు కొడితే చాలు. మొహమే నమ్మకం కుదరడం లేదు.

65 పౌండ్ల ఫీజు తీసేశారు, అది నయం. 

పులిహోర పెట్టాను. ఈయనే మళ్లీ వడ్డించారు. వెళ్తూ గుమ్మంలో, "మీ ఆయన చాలా మంచివాడు, మా ఆయనకి ఇంత ఓపిక లేదు" అంది. అవును మంచివాడే. ఆయన ఓటు సంగతి ఈ పిల్లకి తెలియదు. నేను చెప్పనా? ఆయన చెబుతారా?

రాత్రి అన్నారు: "పాపం పదేండ్ల మీదికెల్లి ఉన్నది. గిదంత ఎందుకు పెట్టిండ్రు?"

గిన్నెలు తోముతూ ఉండిపోయాను.

2019 మే 24, శుక్రవారం

నిన్న యూరప్ ఎన్నికలు. జరగకూడని ఎన్నికలు. పోయి ఉంటే అవసరమే లేదు. ఈసారి పోలండ్ పిల్లకీ ఓటుంది. వెళ్లింది, వెనక్కి పంపారు. ఏదో ఫారం ముందే నింపి ఉండాలట. అది ఇంటికి రానేలేదు. దేశమంతా ఇలాంటి కథలే. మొదటిసారి లేదన్నారు, రెండోసారి ఉంది కానీ లేదన్నారు.

పొద్దున మే రాజీనామా. చివర్లో గొంతు పూడుకుపోయింది, గిరుక్కున తిరిగి లోపలికెళ్లిపోయింది. కూనిరాగం లేదు. ఈయన చూస్తూ, "మనోన్ని పంపిన్నాడు ఏడ్వకపాయె" అన్నారు. నాకు జాలేసింది. ఎవరి మీద అంటే మాత్రం చెప్పలేను.

2019 సెప్టెంబర్ 11, బుధవారం

చదువయ్యాక రెండేళ్ల వీసా మళ్లీ తెస్తారట, బోరిస్ ప్రభుత్వం. ఈయన పేపరు పట్టుకుని వంటింట్లోకే వచ్చారు. "సూసినవా?"

చూశాను. ఏడేళ్లు. వాడు నిరుడే కెనడా వెళ్లిపోయాడు.

2019 సెప్టెంబర్ 24, మంగళవారం

పార్లమెంటుకి ఐదు వారాలు తాళం వేయడం చెల్లదని సుప్రీంకోర్టు. పదకొండు మంది జడ్జీలు, పదకొండుమందీ ఒకే మాట. లేడీ హేల్ భుజం మీద పెద్ద సాలీడు బ్రోచి. మూడేళ్లలో ఈ దేశంలో పదకొండు మంది ఒక మాట మీద ఉండగా చూడటం ఇదే.

షాపుకొచ్చేవాళ్లకి ఇదీ పట్టలేదు. "ఏదో ఒకటి చేసి చావండి" అంటున్నారు. ఉండాలన్నవాళ్లదీ అదే మాట, పోవాలన్నవాళ్లదీ అదే. హార్మోన్ మాత్రలు ఎక్కడా దొరకడం లేదు. అది బ్రెగ్జిట్ వల్ల కాదని చెబితే నమ్మరు. అన్నిటికీ అదే కారణం ఇప్పుడు.

2019 డిసెంబర్ 12, గురువారం

ఐదింటికే చీకటి. వాన. మళ్లీ అదే పెన్సిలు.

ముసలాయన రాలేదు ఓటుకి. కేరర్ చేత మందుల చీటీ పంపాడు. రొమేనియా అమ్మాయి. "ఆయన టీవీకి వీపు పెట్టి కూర్చుంటున్నాడు" అంది.

2019 డిసెంబర్ 13, శుక్రవారం

బోరిస్‌కి 365. ఎనభై మెజారిటీ. స్టోక్‌లో మూడు సీట్లూ కన్జర్వేటివ్‌లవే. ఇక్కడివాళ్లు వింటే నమ్మని సంగతి, నాలుగేళ్ల కిందట.

రాత్రి పదింటికి ఎగ్జిట్ పోల్ పడగానే ముందుగా నాకేమనిపించింది? హమ్మయ్య. మనం ఓడాం అనిపించలేదు. మోసమనీ అనిపించలేదు. ఇక అయిపోతుంది, అంతే. మూడున్నరేళ్లు ఉండాలని కొట్టుకున్న మనిషిని. వాళ్లకి తెలుసు కాబోలు, నాలాంటివాళ్లు కూడా అలిసిపోతారని. బోరిస్ నినాదంలో ఉన్నదల్లా అదే కదా: అయిపోగొడదాం.

ఈయన గెలిచినవాడిలా లేరు. "ఆసుపత్రుల సంగతి ఎవ్వడు మాట్లాడలే" అని లేచి వెళ్లి పడుకున్నారు.

2020 జనవరి 31, శుక్రవారం

రాత్రి పదకొండింటికి యూరప్ నుంచి బయటికి. బిగ్ బెన్ మరమ్మతులో ఉంది, రికార్డు చేసిన గంట వినిపించారు. వీధి చివర కాసిని టపాకాయలు. పోదామన్నాయన పదిన్నరకే గురక.

పోలండ్ పిల్ల మెసేజ్: "ఇంకా ఇక్కడే. రేపు పొద్దున షిఫ్ట్ నాదే కదా?"

అవునన్నాను.

2020 ఫిబ్రవరి 19, బుధవారం

వీసాలకి పాయింట్ల పద్ధతి వచ్చేసింది, కాగితం మీద. వచ్చే జనవరి నుంచి. 70 కావాలి. ఈయన పాత బిల్లు వెనక లెక్క వేస్తున్నారు. ఉద్యోగం ఉందని చూపిస్తే 20, అది తగిన నైపుణ్యం ఉన్న ఉద్యోగమైతే 20, ఇంగ్లీషుకి 10, జీతం 25,600 ఉంటే 20. "మనోనికి 70 వస్తయి" అన్నారు. ఫోను చేసి చెప్పారు కూడా. వాడు బ్రాంప్టన్‌లో మంచు తవ్వుతున్నాడు. "మంచిగనే ఉన్నది కాక, ఇక్కడ ఇల్లు చూస్తున్న" అన్నాడట. ముసలాయన కేరర్‌లాంటి అమ్మాయి రేపు రావాలంటే ఆ లెక్కలో పడదు, వాళ్ల జీతం అంత ఎక్కడిది? పొద్దున్నే ఆయన్ని లేపి కూర్చోబెట్టేది ఎవరో.

బిల్లు తిరగేసి ఇంకో లెక్క మొదలెట్టారు. 1,330, 1,330. ఏమిటవి అన్నాను. మన పౌరసత్వం ఫీజు. ఇన్నాళ్లూ నేనడిగితే ఎందుకు దండగ అన్న మనిషి.

"ఇప్పుడెందుకు?"

"ఏమో. మళ్ల ఏం తీస్తరో."

ఇండియా పాస్‌పోర్టు అప్పజెప్పేయాలి. అమ్మకి ఎవరు చెబుతారన్నాను. నువ్వే చెప్పు, మీ అమ్మ గదా అన్నారు. చెబితే ముందు 2014 ఎత్తుతుంది. ఆదివారం దాకా ఆగుదాం అనుకున్నాం.